రాతి మీద తేదీ

ప్రజ్ఞ గది ముందు స్టూలు మీద పెట్టిన ఉప్మా చల్లారిపోయింది. నిన్న పెట్టిన అన్నం పళ్లెం కూడా అట్లాగే తిరిగి వంటింట్లోకి వచ్చింది. పక్కనున్న పాలగ్లాసు మాత్రం ఖాళీగా ఉంది.

ప్రమోదిని ఆ గ్లాసు చేతిలోకి తీసుకొని అడుగున ఆరిన మీగడ మరకను చూసింది. కోడలు అలిగినా పాలు తాగింది. అత్త మీది కోపాన్ని కడుపులోని బిడ్డ మీద తీర్చుకోవడం లేదు. అంతవరకు మంచిదే అనుకుంది.

తలుపు ఓరగా తీసి ఉంది. దవాఖానకు తీసుకుపోవడానికి నిన్న తాను సర్దిన సంచి మంచం మీద ఖాళీగా వాలిపోయి ఉంది. మడతపెట్టిన మెత్తటి పాతచీర ముక్కలు, చిన్న ఉన్ని టోపీ, ఫ్లాస్కు, అన్నీ మళ్లీ అలమారలోకి ఎక్కాయి.

"సంచి ఎందుకు విప్పినవ్ బిడ్డా? రేపు సాయంత్రం పోవుడే గదా."

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న ప్రజ్ఞ తల తిప్పలేదు. "నేను రాను అత్తమ్మా. నిన్ననే చెప్పిన."

"తొమ్మిది నెలలు నిండినయి. డాక్టరమ్మ సరేనన్నది. పంతులు గడియ పెట్టిండు. ఇగ రాననుడు ఏంది?"

"నొప్పులొస్తే అప్పుడే వస్త. ఆటో గూడ వద్దు, నడిచి వస్త. నొప్పులు రాకముందే కోసి తీసుడు ఎందుకు? లోపల ఉన్నదానికి తొందర లేదు. తొందరంతా మీకే."

ప్రమోదిని దగ్గర దీనికి చాలా జవాబులు ఉన్నాయి. నిన్న అవన్నీ చెప్పింది. ఇవాళ ఉప్మా గిన్నె తీసుకొని వెనక్కి తిరిగింది.

ఎల్లుండి శనివారం. జనవరి ఒకటి, రెండు వేల సంవత్సరం. పొద్దున ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు మకర లగ్నం, తొమ్మిదింటికి రాహుకాలం పట్టక ముందే. ఆ గడియలో ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని నిర్ణయమైంది. ఇది ఒక్క ప్రమోదిని ఇంటి ముచ్చట కాదు. అదే నర్సింగ్ హోంలో ఆ పొద్దుటి కోసం ఇంకా మూడు కుటుంబాలు పేర్లు రాయించుకున్నాయి. కొత్త వెయ్యేండ్లలో కరీంనగర్‌లో పుట్టే మొదటి పిల్లలను చూపిస్తామని కేబుల్ టీవీ వాళ్లు ఊరంతా చాటారు. బేకరీల ముందు కేకుల ఆర్డర్ల బోర్డులు వేలాడుతున్నాయి. కోర్టు చౌరస్తాలో ఎవరో '2000' అని రంగు బల్బులతో కట్టిన అంకెల్లో ఒక సున్న వెలగడం లేదు. దానికోసం కూడా జనం ఆగి చూస్తున్నారు.

హాల్లో టీవీ నడుస్తూనే ఉంది. హైజాక్ చేసిన విమానం ఇంకా కాందహార్‌లోనే నిలబడి ఉందని, ప్రయాణికులు అందులో కూర్చుని ఇది ఏడో రోజని చెబుతున్నారు. లక్ష్మణ్‌రావు టీవీ చూస్తూనే ఫోన్లో ఎవరినో శనివారం భోజనానికి పిలుస్తున్నాడు. భార్య చేతిలోని గిన్నె వైపు చూసి, రిసీవర్ మీద చేయి అడ్డంపెట్టి, "తిన్నదా?" అని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మొహం చిట్లించి మళ్లీ ఫోన్లో నవ్వడం మొదలుపెట్టాడు.

ఆయనది గ్రానైట్ వ్యాపారం. మనుమడైనా మనుమరాలైనా పుట్టుక రాతి మీద ఉండాలని పదిరోజుల కిందే ఒక పలక కోయించాడు. గోధుమరంగు రాయి, అద్దంలాగా పాలిష్ పట్టించి, నడుమ పేరు కోసం జాగా వదిలి, కింద '1-1-2000' అని లోతుగా చెక్కించాడు. దాన్ని వరండా గోడకు ఆనించి పెట్టారు. వచ్చిన ప్రతివాళ్లూ వంగి ఆ తేదీని వేలితో తడిమి చూస్తున్నారు.

ఈ పట్టుదల ఎక్కడిదో ప్రమోదినికి తెలుసు. ఇరవై ఆరేండ్ల కింద కొడుకు విద్యాధర్ మూలా నక్షత్రంలో పుట్టాడు. తండ్రి బిడ్డ మొహం చూడరాదన్నారు. ఇరవై ఏడు రోజులు తల్లీ బిడ్డా ఒక గదిలో, లక్ష్మణ్‌రావు వరండాలో. మళ్లీ మూల వచ్చిన నాడు శాంతి చేయించి, కంచుగిన్నెలో నూనె పోసి, ఆ నూనెలో కొడుకు నీడను తండ్రికి చూపించారు. మూడు నెలలు తిరగకముందే మామ పోయాడు. "నీ కొడుకు నక్షత్రం నా పెనిమిటిని మింగింది" అని అత్త బతికినన్నాళ్లూ అన్నది. లక్ష్మణ్‌రావు ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని బయటికి పోయేవాడు. ఈ ఇంట్లో ఇంకో బిడ్డ మొహం నూనెలో చూడవద్దని ప్రమోదిని అప్పుడే అనుకుంది. అందుకే గడియ పెట్టించిన వాళ్లలో ఆమే మొదటిది.

*

పదకొండింటికి చంద్రవ్వ వచ్చింది. ప్రజ్ఞ తల్లి. లక్సెట్టిపేట నుంచి తెల్లవారకముందు బస్సెక్కి, జగిత్యాలలో మారి, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో సకినాల డబ్బాతో దిగింది.

కాళ్లు కడుక్కుంటూనే బస్సు ముచ్చట్లు మొదలుపెట్టింది. బస్సులో సగంమంది విమానం గురించి, సగంమంది కంప్యూటర్లు ఆగిపోతాయన్న దాని గురించి కొట్లాడుకున్నారట. ఒక ముసలాయన రేపటితో లోకం మునుగుతుందని, తన రెండు కోళ్లనూ నిన్ననే కోసుకుని తిన్నానని చెప్పాడట. కండక్టర్ ఆయన వైపు తిరిగి, మునిగేదుంటే నెల పాసు ఎందుకు తీసుకున్నవ్ తాతా అన్నాడట. చంద్రవ్వ చెబుతూ తానే నవ్వింది. ప్రమోదిని కూడా రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"మొదటి కాన్పు మా ఇంట్ల కావాలె వదినె. మీరు పట్నం దవాఖాన అని గుంజుకొచ్చిన్రు. సరే, నేనే గుంజుకుంట వచ్చిన" అని చంద్రవ్వ ఒక పోటు పొడిచి, ఆ వెంటనే, "అలిగిందట గదా మా పిల్ల. చిన్నప్పుడు గూడ గంతే. అలిగితే పాలు తాగేది, బువ్వ తినేది గాదు" అన్నది.

గదిలోకి పోయి బిడ్డను దగ్గరికి తీసుకుంది. కొంగు ముడి విప్పి పసుపు బట్టలో కట్టిన చిన్న మూట తీసింది. అందులో తలంబ్రాలు.

"దేవుని మీద పడ్డయి. కాన్పుకు పోయేముందు నెత్తిన ఏస్తనని మూటగట్టి పెట్టిన. అక్షయ తదియ నాటి నుంచి దేవునర్రలనే ఉన్నయి."

గుమ్మంలో నిలబడ్డ ప్రమోదిని నవ్వుతూనే సవరించింది. "శ్రీరామనవమి నాటివి గదా వదినె."

"ఏటేట నవమి నాడే. ఈయేడు గాలే. నవమి రెండొద్దులుందనంగ మా అయ్యగారి నాయిన పోయిండు. ఆయనకు మైల. ధర్మపురి నుంచి వేరే అయ్యగారిని తెస్తమని కొందరన్నరు. ఊరు ఒప్పుకోలే. మా దేవుని పెండ్లి మా అయ్యగారే చెయ్యాలె అని పట్టుబట్టిన్రు. మైల పోయినంక, మంచిరోజు చూసి, అక్షయ తదియ నాడు చేసిన్రు. మా పిల్ల గా దినమే ముట్టయి దూరమున్నది. పందిట్లకు రాకపాయె పాపం, గోడవతల కూసొని బాజాలు విన్నది."

ప్రజ్ఞ తలవంచింది. చంద్రవ్వ తలంబ్రాలు చల్లింది. రెండు బియ్యపు గింజలు జారి ప్రమోదిని కాళ్ల దగ్గర పడ్డాయి.

ఆమె వాటిని వంగి తీసుకుంది. లేచి, వాటిని గుప్పిట్లో పట్టుకునే వంటింట్లోకి నడిచింది.

*

వంటింట్లో మేకుకు వేలాడుతున్న క్యాలెండర్‌కు ఇంక రెండే రోజులు మిగిలాయి. ప్రమోదిని దాన్ని దించి, కాగితాలు వెనక్కి తిప్పుకుంటూ పోయింది. శ్రీరామనవమి, మార్చి ఇరవై అయిదు. అక్షయ తదియ, ఏప్రిల్ పద్దెనిమిది. వేలు పెట్టి ఒక్కొక్క గడి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు.

శ్రావణంలో మొదటిసారి నర్సింగ్ హోంకు పోయిన రోజు గుర్తొచ్చింది. బయట నర్సు ప్రజ్ఞ బరువు చూస్తున్నది. లోపల డాక్టర్ నవనీత, చివరిసారి నెలసరి ఎప్పుడని అడిగింది. "కల్యాణం నాడు దూరమున్న" అని కోడలు తనకు ఎప్పుడో చెప్పింది. తాను నిమిషం ఆలోచించలేదు. "శ్రీరామనవమి నాడమ్మా" అన్నది. డాక్టర్ బల్ల మీది క్యాలెండర్ చూసి తేదీ రాసుకున్నది. ఆ చైత్రం నెలంతా తానూ భర్తా కాశీయాత్రలో ఉన్నారు. కోడలు పుట్టింటి నుంచి ఎప్పుడు తిరిగొచ్చిందో కూడా తనకు తెలియదు. అయినా తానే చెప్పింది.

ఏడో నెలలో స్కానింగ్ చేసినప్పుడు బిడ్డ నెలలకు తగ్గట్టు లేదు, సన్నగా ఉందన్నారు. అప్పటినుంచి కోడలికి రోజూ బాదంపప్పు, నెయ్యి. బిడ్డ సన్నగా లేదు. ఎంత ఉండాలో అంతే ఉంది. తప్పింది తన లెక్క.

క్యాలెండర్‌తోనే గదిలోకి పోయింది. చంద్రవ్వ స్నానానికి వెళ్లింది. ప్రమోదిని మంచం అంచున కూర్చుని కోడలిని నెమ్మదిగా అడిగింది.

"కల్యాణం అక్షయ తదియకు జరిగిందని నాకెప్పుడన్న చెప్పినవా బిడ్డా?"

ప్రజ్ఞ ఆమెకేసి, క్యాలెండర్‌కేసి చూసింది. "మీకెరుకే అనుకున్న. విద్యాధర్‌కు గూడ ఎరుకే."

"డాక్టరమ్మ ఒకటో తారీఖు అన్నప్పుడు నీకు డౌట్ రాలేదా?"

"మిషన్ల పెట్టి చూసి చెప్పిన్రనుకున్న. డాక్టర్లకంటే నాకు ఎక్కువ ఎరుకనా అని ఊకున్న." చేయి కడుపు మీదికి పోయింది. "ఏం చెప్పిన్రు అత్తమ్మా మీరు?"

ప్రమోదిని చెప్పింది. దాచకుండా, తన మాటను తగ్గించకుండా చెప్పింది. ప్రజ్ఞ కోపంతో లేస్తుందనుకుంది. కోడలు క్యాలెండర్ అందుకుని ఆ రెండు గడులనూ చూసుకుంది.

"గందుకే నాకు మనసు రాలే" అన్నది చివరకు, తనలో తాను అనుకుంటున్నట్టు.

*

మధ్యాహ్నం విద్యాధర్ భోజనానికి వచ్చాడు. మంకమ్మతోటలో అతనికి కంప్యూటర్ నేర్పే కేంద్రం ఉంది. సంవత్సరం మారేప్పుడు మిషన్లు ఏమవుతాయోనని రెండు నెలలుగా ఊళ్లోని కొట్లవాళ్లు, ఆఫీసులవాళ్లు అతని చుట్టూ తిరుగుతున్నారు. తాను మాత్రం అన్ని మిషన్లూ చక్కబెట్టానని, ఒక్కటి కూడా ఆగదని ధీమాగా చెబుతున్నాడు. అన్నం కలుపుకుంటూ అత్త చంద్రవ్వకు కూడా అదే వివరించాడు. వెనకట జాగా మిగలాలని సంవత్సరాన్ని రెండంకెలే రాశారు. రేపు అర్ధరాత్రి దాటితే ఆ రెండంకెలూ సున్నలైతాయి, మిషన్ అది పందొమ్మిది వందలనుకుంటుంది.

"మిషన్‌ది తప్పు గాదు అత్తమ్మా. పూర్తిగ చెప్పనోళ్లది."

ప్రమోదిని చారు గిన్నె కింద పెట్టింది.

"నేను గూడ పూర్తిగ చెప్పలే" అన్నది.

భర్త, కొడుకు ఇద్దరూ తలెత్తారు. ఆమె కల్యాణం ముచ్చట, అయ్యగారి మైల, ఇరవై నాలుగు రోజులు, అన్నీ వరుసగా చెప్పింది. చెప్పి, ఆపరేషన్ ఆపించాలన్నది. నెలలు నిండడానికి జనవరి ఇరవై అయిదు దాకా ఉంది.

విద్యాధర్ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. లక్ష్మణ్‌రావు మాత్రం మజ్జిగ పోసుకున్నాడు.

"ఇరవై నాలుగు రోజులేనా? నెల తక్కువ పిల్లలు బతుకుతలేరా? అద్దాల పెట్టెలున్నయి, డాక్టర్లున్నరు."

"పెట్టెల పెట్టాల్సిన అవసరం లేని బిడ్డను పెట్టెల పెడదమా?"

"ఊరంతా చెప్పిన. భోజనాలకు పిలిచిన. కేబులోళ్లు సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడతమన్నరు."

"వస్తే నేను మాట్లాడుత."

"ఏమని? మాకు లెక్క రాదనా?"

"అవు. నాకు రాలేదని చెప్త."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఈ సంగతి ఈ నాలుగు గోడల నడుమనే ఉన్నది. డాక్టరమ్మే సరేనన్నంక నువ్వు నోరు తెరిచేది ఎందుకు? ఇట్లాంటి గడియ మళ్లా దొరకదు ప్రమోదినీ. నువ్వే గదా నన్ను పంతులు కాడికి తోలినది."

"నేనే తోలిన. గడియ మంచిదే. బిడ్డది గాదు ఆ గడియ."

విద్యాధర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చిన్నప్పటి నుంచి తల్లిదండ్రులు కొట్లాడితే అతను లేచి వెళ్లిపోయేవాడు. ఇవాళ కూడా లేచాడు. చేయి కడుక్కుని వచ్చి మళ్లీ అదే పీట మీద కూర్చున్నాడు.

"డాక్టరమ్మకు చెప్దం బాపు" అన్నాడు.

లక్ష్మణ్‌రావు అన్నం పళ్లెం ముందుకు నెట్టి లేచిపోయాడు. మజ్జిగన్నం సగం అట్లాగే ఉంది.

*

సాయంత్రం నాలుగింటికి షాహిదా వచ్చింది. సర్కారు దవాఖానలో ముప్పయ్యేండ్లు నర్సుగా చేసింది. విద్యాధర్‌ను ఈ లోకంలోకి తెచ్చింది ఆమె చేతులే. నాలుగిళ్ల అవతల ఉంటుంది. ప్రమోదినే కబురు పంపింది, ఒకసారి వచ్చి చేయి పెట్టి చూడమని.

ఆమె గేటు తీసిన చప్పుడు విని ప్రమోదిని టీవీ కట్టేసింది. అందులో పొద్దుటి నుంచి అదే విమానం, అదే మాటలు. షాహిదా లోపలికి వస్తూ అది గమనించింది.

"ఉండనీయుండ్రి అమ్మా. మా ఇంట్ల గూడ అదే చూస్తున్నం. చిన్నపిల్లలున్నరట అండ్ల. తెల్లారకముందు సహరీ తినడానికి లేచినప్పుడు దువా చేస్తున్న."

రంజాన్ నెల. చాయ్ అడిగే పని లేదు. ప్రమోదిని ఖర్జూరపండ్ల పొట్లం ఒకటి సాయంత్రం ఉపవాసం విడిచేటప్పటికని ఆమె సంచిలో పెట్టింది. షాహిదా వద్దనలేదు.

చేతులు కడుక్కుని, ఒకదానికొకటి రాసి వెచ్చచేసుకుని, ప్రజ్ఞ కడుపు మీద ఆనించింది. కళ్లు మూసుకుంది. వేళ్లు అక్కడక్కడ ఆగుతూ జరిగాయి. చంద్రవ్వ ఊపిరి బిగబట్టి నిలబడింది.

"తల ఇంకా పైననే ఉన్నది. అటూ ఇటూ ఆడుతున్నది. దిగనే లేదు." కళ్లు తెరిచింది. "నా చేతులకు పెద్ద చదువు లేదమ్మా. కాన్పుకు ఇంకా మూడు వారాలకు తక్కువ గాదని మాత్రం చెప్తున్నయి. జర డాక్టరమ్మతోని మళ్లొకసారి చూపియ్యుండ్రి."

ప్రమోదిని హాల్లోకి వచ్చింది. లక్ష్మణ్‌రావు ఫోన్ పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. లోపలి మాటలన్నీ విన్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆయన జరగలేదు. ఆమె ఆయన మీదుగా చేయి చాపి రిసీవర్ తీసుకుంది. నర్సింగ్ హోం నంబర్ తిప్పింది.

డాక్టర్ లైన్‌లోకి వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది.

"అమ్మా, నేను లక్ష్మణ్‌రావు గారింటి నుంచి ప్రమోదినిని. మా కోడలు కాగితం తీస్తరా? అండ్ల మీరు రాసుకున్న తారీఖు తప్పు. చెప్పినది నేనే. ఆ పిల్లను అడగకుండ చెప్పిన." గాలి పీల్చుకుంది. "సరైనది రాసుకోండ్రి. ఏప్రిల్ పద్దెనిమిది, పందొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఆదివారం."

అవతల కాగితాల చప్పుడు వినిపించింది. డాక్టర్ తిడుతుందని ప్రమోదిని సిద్ధపడింది. తాను కూడా ఆ అమ్మాయినే అడిగి రాయాల్సిందని డాక్టర్ అన్నది. శనివారం మాట పక్కన పెట్టేశానని, రేపు పొద్దున తీసుకొస్తే మళ్లీ స్కానింగ్ చేసి చూస్తానని, బిడ్డ లోపల ఉన్న ఒక్కో రోజూ బిడ్డకు బలమేనని చెప్పింది. ఇప్పుడైనా చెప్పినందుకు మంచిపని చేశారన్నది.

ప్రమోదిని రిసీవర్ పెట్టేసింది. గదిలోంచి చంద్రవ్వ పొడుగ్గా ఊపిరి విడిచిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

"నెలాఖరుకు మూల ఉన్నది" అన్నాడు లక్ష్మణ్‌రావు. అప్పటిదాకా ఆయన క్యాలెండర్ చూడడం ఎవరూ చూడలేదు. "ఆలస్యమైతే మూలల పడుతది. మళ్లా ఒక తండ్రి కొడుకు మొఖం నూనెల చూడాలెనా?"

"చూడడు. ఏ నక్షత్రమైనా విద్యాధర్ నేరుగ చూస్తడు. కంచుగిన్నె అటక మీదనే ఉంటది."

"నీకు తెల్వదు ప్రమోదినీ."

"ఏం తెల్వదు? ఇరవై ఏడు రోజులు గదిల ఉన్నది నేనే గదా."

చెప్పులు వేసుకోబోతున్న షాహిదా గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క క్షణం వెనకాడి, ముసుగు సర్దుకుని, లక్ష్మణ్‌రావు వైపు తిరిగింది.

"రావుసాబ్, ఇప్పుడన్న చెప్పుండ్రి. బిడ్డ మొఖం మీరు ఆ పొద్దే చూసిన్రు. ఏమైంది? కొడుకు సల్లగ ఉన్నడు, ఇంత ఎత్తు పెరిగిండు."

ప్రమోదిని భర్త వైపు తిరిగి చూసింది.

షాహిదా మంచి మనసుతోనే అన్నది. అన్న తర్వాత, ప్రమోదిని మొహం చూసి, ఈ సంగతి ఈ ఇంట్లో ఇన్నేండ్లుగా ఎవరికీ తెలియదని అప్పుడు గ్రహించింది. "నాకు బాంగు వేళైతున్నది, నమాజుకు పోవాలె" అని గొణిగి, ఖర్జూరం పొట్లం గుండెకు అదుముకుని వెళ్లిపోయింది.

"చూసిన" అన్నాడు లక్ష్మణ్‌రావు. చూపు నేల మీద ఉంది. "పుట్టిన గంటలనే. వార్డు కిటికీ కాడ నిలబడి షాహిదాను బతిమాలిన. బట్టల చుట్టి తెచ్చింది. కండ్లు తెరిచి నన్నే చూసిండు. మూడు నెలలకు మా నాయిన పోయిండు."

మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉన్న విద్యాధర్ గోడకు ఆనుకున్నాడు. నూనె గిన్నె కథ అతను చిన్నప్పటి నుంచి విన్నదే. అందులో తన తండ్రి ఎప్పుడూ గెలిచేవాడు, ఇరవై ఏడు రోజులు ఓపిక పట్టినందుకు.

"నేను చూసినందుకే పోయిండు అనుకున్న. ఇప్పటికీ గంతే అనుకుంటున్న" అన్నాడు ఆయన. "గందుకే మంచి గడియ కావాలన్న. ఈడు గూడ నా లెక్కనే ఆగలేడు. కిటికీ కాడికి పోతడు."

ప్రమోదినికి మామ దగ్గు గుర్తొచ్చింది. పెండ్లయి వచ్చిన రోజు నుంచి విన్న దగ్గు. వేడినీళ్లు కాచి, ఛాతీకి తైలం రాసి, మందుబిళ్లలు చేతికిచ్చింది తానే.

"మామయ్యకు మీ కొడుకు పుట్టకముందు నాలుగేండ్ల నుంచి దమ్ము రోగం ఉండె. నేను చేసిన సేవ మీరు చూడలేదా? ఆయన ఆ దమ్ముతోని పోయిండు."

లక్ష్మణ్‌రావు తల ఎత్తలేదు.

ఆమె ఇంకో మాట అనాల్సి ఉంది. 'అత్తమ్మ నా కొడుకు నక్షత్రాన్ని తిట్టిన ప్రతిసారీ మీరు అక్కడే నిలబడ్డరు.' ఆ మాటను లోపలే ఉంచుకుంది. కొడుకు వింటున్నాడు. అవతలి గదిలో కోడలు వింటోంది.

ఆయన లేచి వరండాలోకి పోయాడు. రాతి పలక ముందు నిలబడి చెక్కిన తేదీ మీద అరచేయి పెట్టాడు. కాసేపటికి పలక అంచు పట్టుకుని తిప్పబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. విద్యాధర్ పోయి ఇంకో అంచు పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు మాట్లాడుకోకుండా దాన్ని మెల్లగా తిప్పి, తేదీ గోడవైపు పోయేట్టు ఆనించారు. పాలిష్ పట్టని గరుకు వీపు ఇటు తిరిగింది. రంపం గీతలు వంకరటింకరగా ఉన్నాయి.

"అత్తమ్మా" గదిలోంచి ప్రజ్ఞ పిలిచింది. "ఆకలైతుంది."

ప్రమోదిని కండ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. అన్నం వేడిచేసింది. పప్పు, వంకాయ కూర, ఒక సకినం పక్కన పెట్టి పళ్లెం తీసుకుపోయింది. చంద్రవ్వ బిడ్డ ముందు పీట వేసింది. ప్రజ్ఞ మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకునే ముందు అత్త చేయి ఒక్కసారి పట్టుకుని వదిలింది.

వెనక్కి వచ్చి ప్రమోదిని ఇంకో పళ్లెం తీసింది. మధ్యాహ్నం ఆయన సగమే తిన్నాడు. ముప్పయ్యేండ్లుగా ఆయన తినకుండా లేస్తే వెనకే పోయి పిలిచి తెచ్చే అలవాటు ఆమెది. అన్నం వడ్డించింది. పప్పు వేసింది. నెయ్యి కూడా వేసింది.

గేటు దగ్గర స్కూటర్ ఆగింది. కేబుల్ టీవీ వాళ్లు దిగి, భుజానికి కెమెరా తగిలించుకుంటూ, వరండాలో నిలబడిన లక్ష్మణ్‌రావుకు నమస్కారం పెడుతున్నారు. ఆయన బదులు చెప్పకుండా ఇంటి లోపలికి, ఆమె కోసమే చూస్తున్నాడు.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. గేటు దగ్గరివాళ్లకు చెప్పాల్సిన మాట ఆమెకు తయారుగానే ఉంది. ఇన్నేండ్లూ ఆ సంగతి దాచిన మనిషికి ఈ పళ్లెం ఇయ్యాలో లేదో మాత్రం ఇంకా తెలియలేదు. చేతిలో అన్నం పొగలు కక్కుతోంది.